నల్లకోటు వేసుకున్నాక పాఠం ఎవరు చెబుతారు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల బార్ కౌన్సిళ్ల అధ్యక్షులకు, సభ్యులకు,

2024 జూన్ 30 దాకా ఏ కోర్టు ఆవరణలోనైనా ఒక ప్లీడరు "ఫోర్ ఎయిటీటూ వేశాం" అన్నాడంటే హైకోర్టులో క్వాష్ పిటిషన్ పడిందనే లెక్క. మర్నాటి నుంచి అదే మాటకు ముందస్తు బెయిలు అడిగారని అర్థం చేసుకోవాల్సి వచ్చింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 438గా ఉన్న సెక్షన్ భారతీయ నాగరిక సురక్షా సంహితలో 482 అయింది. పాత 482 వెళ్లి 528లో కూర్చుంది. శిక్షాస్మృతిలో హత్య 302 నుంచి 103కు, మోసం 420 నుంచి 318కి జరిగాయి. జనం నోట్లో మాత్రం ఫోర్ ట్వంటీ ఇప్పటికీ ఫోర్ ట్వంటీగానే ఉంది, ఇంకో తరం దాకా ఉంటుంది కూడా.

అంకెలతో పెద్ద ఇబ్బంది లేదు. పాత సెక్షన్ ఒక పక్క, కొత్త సెక్షన్ ఇంకో పక్క వేసిన పట్టికలు జులై 1కి ముందే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి, నాలుగు వారాల్లో అందరికీ నోటికొచ్చాయి. చిక్కంతా అంకెతో పాటు లోపలి సరుకు కూడా మారిన చోట ఉంది.

పోలీసు కస్టడీ సంగతే చూడండి. పాత 167 కింద రిమాండైన మొదటి 15 రోజులు దాటితే నిందితుణ్ని మళ్లీ పోలీసు కస్టడీకి ఇవ్వడం కుదరదని క్రిమినల్ ప్రాక్టీసు చేసే ప్రతి జూనియర్‌కూ తెలుసు. కొత్త 187 ప్రకారం ఆ 15 రోజులను ముక్కలు ముక్కలుగా, కేసును బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా అడగొచ్చు. ఇరవయ్యో రోజున కస్టడీ పిటిషన్ వచ్చినప్పుడు పాత లెక్క పట్టుకుని "గడువు దాటిపోయింది" అని వాదించే డిఫెన్స్ లాయరు తన క్లయింటుకు ఏ మేలూ చేయలేడు. ఆ పిటిషన్‌ను ఎదుర్కోవడానికి వేరే వాదన కావాలి: ఇన్ని రోజులు ఎందుకు అడగలేదు, ఇప్పుడు కొత్తగా ఏం బయటపడింది, బెయిలు దగ్గర పడుతున్నందుకే అడుగుతున్నారా అని నిలదీయాలి. అలా నిలదీయడం ఒకరు చేస్తుండగా చూసి నేర్చుకోవాల్సిందే తప్ప పట్టికలో దొరకదు.

479 ఇంతకన్నా ముఖ్యం. మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ, తన మీద మోపిన నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపితే బాండు మీద విడుదల కావాలని ఆ సెక్షన్ చెబుతోంది. మిగతావాళ్లకు సగం. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు పెండింగులో ఉన్నా అడ్డంకే. జులై 1కి ముందు నమోదైన కేసుల్లో ఉన్న ఖైదీలకు కూడా ఈ సౌకర్యం అందాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. దీన్ని అమలుచేసే బాధ్యతలో జైలు సూపరింటెండెంటుకూ వాటా ఉంది, నిజమే. కానీ ఆయన కాగితం కదిలించేదాకా ఆగకుండా రోజులు లెక్కపెట్టి పిటిషన్ వేయాల్సింది లాయరే. ఈ సెక్షన్ తెలియని లాయరు ఉన్న ఖైదీకి, తెలిసిన లాయరు ఉన్న ఖైదీకి మధ్య తేడాను నెలల్లో కొలవొచ్చు.

ఇక ఎలక్ట్రానిక్ సాక్ష్యం. మామూలు కుటుంబ తగాదా ఫైలులో కూడా ఇవాళ వాట్సాప్ సంభాషణో, ఫోన్ రికార్డింగో, సీసీటీవీ ఫుటేజీయో ఉంటోంది. పాత సాక్ష్య చట్టంలోని 65బి సర్టిఫికెట్ తప్పనిసరి అని అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. భారతీయ సాక్ష్య అధినియంలో అది 63 అయింది, సర్టిఫికెట్‌కు చట్టమే నమూనా ఇచ్చింది, ఆ నమూనాను రెండు భాగాలు చేసింది. మొదటిది రికార్డు దాఖలు చేసేవాళ్లు నింపాలి. రెండోది నిపుణుడు నింపాలి. రెండింట్లోనూ ఆ ఫైలుకు డిజిటల్ వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ రాసి, ఎస్‌హెచ్‌ఏ1, ఎస్‌హెచ్‌ఏ256, ఎండీ5లలో ఏ పద్ధతిలో తీశారో టిక్కు పెట్టాలి. మండల కేంద్రంలోని మున్సిఫ్ కోర్టులో భరణం కేసు నడిపే ప్లీడరమ్మ ఈ నిపుణుణ్ని ఎక్కడినుంచి తేవాలి? సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు కుర్రాడు సరిపోతాడా? హ్యాష్ ఎప్పుడు తీయాలి, ఫోను కోర్టులో అప్పగించాలా, స్క్రీన్‌షాట్ ప్రింటుతో గడుస్తుందా? ఏ కోర్టుకు ఆ కోర్టు ఒక్కో జవాబు చెబుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం పూట ఎవరైనా నలభై మందిని కూర్చోబెట్టి ల్యాప్‌టాప్ మీద హ్యాష్ తీసి చూపిస్తే ఎన్నో డాక్యుమెంట్లు రికార్డుకెక్కకుండా పోయే గతి తప్పుతుంది.

కొత్త చట్టాలు వచ్చినప్పుడు జడ్జీలకు పాఠం చెప్పడానికి జ్యుడీషియల్ అకాడమీలు ఉన్నాయి. పోలీసులకు పోలీసు అకాడమీలు ఉన్నాయి. పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు ప్రభుత్వం తరగతులు పెట్టింది. కోర్టు హాల్లో మిగిలిన నాలుగో మనిషి డిఫెన్స్ లాయరు సొంత డబ్బుతో బేర్ యాక్ట్ కొనుక్కుని రాత్రిళ్లు చదువుకున్నాడు. కొన్ని బార్ అసోసియేషన్లు రిటైరైన జడ్జీని పిలిచి సదస్సులు పెట్టిన మాట నిజం. అవి ఆ ఊరి కార్యదర్శి ఉత్సాహాన్ని బట్టి జరిగాయి, ఉత్సాహం లేని చోట జరగలేదు. శాలువాలు, ఉపన్యాసాలు, భోజనాలు ముగిశాక మరునాడు దాఖలు చేయాల్సిన పిటిషన్ ఎలా రాయాలో చెప్పినవి అందులోనూ తక్కువ.

ఈ పని మీదేనని గుర్తుచేయడానికి ఈ లేఖ. ఇదేమీ కొత్త కోరిక కాదు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ఆరో సెక్షన్‌లో రాష్ట్ర బార్ కౌన్సిల్ చేయాల్సిన పనుల జాబితా ఉంది. ఎన్‌రోల్‌మెంటు, దుష్ప్రవర్తన కేసుల విచారణతో పాటు చట్ట విషయాల మీద సదస్సులు నిర్వహించడం, పెద్దల చేత ప్రసంగాలు ఇప్పించడం, పత్రికలు ప్రచురించడం అందులో ఉన్నాయి. న్యాయ గ్రంథాలయాల కోసం నిధి పెట్టుకునే వీలు కూడా అదే సెక్షన్ ఇచ్చింది. మొదటి రెండు పనులు బాగానే కనబడతాయి. మిగతావాటి జాడ వెతుక్కోవాలి.

శిక్షణ విషయంలో మన వృత్తి చరిత్ర వెనక్కీ ముందుకీ నడిచిందే. 1961 చట్టం మొదట వచ్చినప్పుడు, లా డిగ్రీ తర్వాత శిక్షణ పొంది పరీక్ష రాసినవాళ్లనే రోల్స్‌లోకి తీసుకోవాలనే నిబంధన ఉండేది. 1973 సవరణ దాన్ని ఎత్తేసింది. 1995లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏడాది శిక్షణను నిబంధనల రూపంలో తిరిగి తెచ్చింది. ఆ అధికారం కౌన్సిల్‌కు లేదని 1999లో వి.సుదీర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2010లో ఆలిండియా బార్ ఎగ్జామినేషన్ నిబంధనలు వచ్చాయి, మరుసటేడు మొదటి పరీక్ష జరిగింది. చివరకు 2023 ఫిబ్రవరి 10న బానీ ఫోయ్ లా కాలేజీ కేసులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం సుదీర్ తీర్పు సరికాదని చెప్పి, పరీక్ష పెట్టే అధికారం కౌన్సిల్‌కు ఉందని ఖాయం చేసింది. యాభై ఏళ్ల తర్వాత మళ్లీ మొదటికే వచ్చామన్నమాట, అదీ సగమే. పరీక్ష తిరిగొచ్చింది, శిక్షణ రాలేదు.

ఆ పరీక్ష గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. బేర్ యాక్ట్ పక్కన పెట్టుకుని రాసే ఆబ్జెక్టివ్ పరీక్ష అది. సాక్షిని క్రాస్ చేయడం వచ్చో రాదో అది చెప్పదు. చెప్పాలని కూడా అడగలేదు. అది గట్టెక్కిన ఇరవై అయిదేళ్ల మనిషి డెబ్బై అయిదేళ్ల దాకా వకాలత్ దాఖలు చేసుకుంటూ పోవచ్చు. మధ్యలో ఎవరూ ఏమీ అడగరు.

పక్క వృత్తుల్లో అడుగుతారు. డాక్టర్లు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకునేటప్పుడు 30 గంటల వైద్య విద్యా కార్యక్రమాలకు హాజరైనట్టు చూపాలి. ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంటుకు మూడేళ్లలో 120 గంటలు. అమెరికా వెళ్లి అక్కడ బార్ పాసైన మన తెలుగు పిల్లలకు ఇది అలవాటే: కాలిఫోర్నియాలో మూడేళ్లకు 25 గంటలు, న్యూయార్క్‌లో రెండేళ్లకు 24 గంటలు చదివినట్టు చూపితేనే లైసెన్సు నిలుస్తుంది. గుంటూరులో ఉన్న వాళ్ల క్లాస్‌మేట్లకు అలాంటి ఊసే లేదు.

అయితే ఆ గంటల లెక్కను యథాతథంగా తెచ్చి ఇక్కడ పెట్టమని ఈ లేఖ అడగడం లేదు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్లకు ఏడాదికి 16 గంటల నిబంధన చాలాకాలం ఉండేది, 2016లో తీసేశారు. కుర్చీలో కూర్చున్న గంటలు లెక్కపెడితే నేర్చుకున్నట్టు కాదని వాళ్లకు అర్థమైంది. తమ పనిలో ఎక్కడ వెనకబడ్డామో తామే చూసుకుని, అది దిద్దుకున్నట్టు ఏటా ప్రకటించాలనేది ఇప్పటి పద్ధతి. మన దగ్గర గంటలు తప్పనిసరి చేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. హాజరు పట్టీలో సంతకాలు పెట్టించే పని గుమాస్తాలకు దొరుకుతుంది, సర్టిఫికెట్లు అమ్మే సంస్థలు పుట్టుకొస్తాయి. వీలున్నప్పుడు మంచి పాఠం దొరకడం ముందు జరగాలి. తప్పనిసరి చేయాలా వద్దా అన్నది తర్వాతి మాట.

జూనియర్ల సంగతి మాత్రం తర్వాత చూద్దామనుకునేది కాదు. 2025 మే 20న ఆలిండియా జడ్జెస్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న పాత నిబంధనను తిరిగి తెచ్చింది. పదేళ్ల అనుభవమున్న అడ్వకేటు సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని అక్కడి న్యాయాధికారి ధ్రువీకరించాలి. చట్టం పుస్తకం తప్ప కోర్టు చూడనివాళ్లు జడ్జీలవుతున్నారన్న బాధ నుంచి వచ్చిన నిర్ణయం ఇది. కానీ ఆ మూడేళ్లూ జూనియర్ ఏం చేస్తాడు? చాలా ఛాంబర్లలో ఉదయం ఫైళ్లు మోస్తాడు, పిలుపు వచ్చినప్పుడు లేచి "సీనియర్ హైకోర్టులో ఉన్నారు, వాయిదా ఇప్పించండి" అంటాడు, సాయంత్రం టైపిస్టు పక్కన కూర్చుంటాడు. మంచి సీనియర్ దొరికితే ఆ మూడేళ్లు లా కాలేజీ అయిదేళ్లకన్నా ఎక్కువ నేర్పుతాయి. దొరకకపోతే సర్టిఫికెట్ ఒక్కటే మిగులుతుంది. ఎవరు దొరుకుతారన్నది మాత్రం కులం, బంధుత్వం, ఊరు, ఇంగ్లీషు చూసి జరుగుతోంది. ఆడపిల్లలకు ఇది మరీ కష్టం. సాయంత్రం ఏడు తర్వాత ఛాంబర్‌లో కూర్చోవాలంటే ఇంట్లో ఒప్పించుకోవాలి, ఒప్పించుకున్నాక తిరుగు బస్సు దొరకాలి.

డబ్బు మాట కూడా రావాలి. జూనియర్‌కు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా స్టైపెండ్ ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ పంపింది. అది సిఫారసే, ఆదేశం కాదు. ఆ సర్క్యులర్ నోటీసు బోర్డెక్కిన బార్ అసోసియేషన్లు రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయో మీకే తెలియాలి. నిజానికి చిన్న పట్టణంలో చాలామంది సీనియర్లకే నికరంగా నెలకు ఇంత మిగలదు, వాళ్లను దోషుల్ని చేసి లాభం లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో మొదలుపెట్టిన లా నేస్తం పథకం, ఎన్‌రోల్ అయిన మొదటి మూడేళ్లు నెలకు 5,000 రూపాయలు ఇచ్చేది. చిన్న మొత్తమే, అయినా బస్సు ఛార్జీలకూ మధ్యాహ్నం భోజనానికీ సరిపోయేది. ఇలాంటి డబ్బు ఏ ప్రభుత్వం ఇచ్చినా, ఆ మూడేళ్లలో జూనియర్ ఏం నేర్చుకున్నాడన్న దానితో ముడిపెట్టే పని కౌన్సిళ్లు చేయొచ్చు. నేర్పడానికి ముందుకొచ్చే ఛాంబర్లను నమోదు చేసుకోవాలి. జూనియర్ డ్రాఫ్టు చేసిన ప్లెయింట్లు, వాదించిన బెయిలు పిటిషన్లు, సొంతంగా క్రాస్ చేసిన సాక్షుల వివరాలు ఒక డైరీలో రాయించాలి. మూడేళ్ల సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే సీనియర్ ఆ డైరీ చూసి పెట్టాలి. జడ్జి పోస్టుకు సెలక్షన్ చేసేవాళ్లకు కూడా అది పనికొస్తుంది.

2024 మే 14న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది, దానికి లాయర్లు టపాకాయలు కాల్చినంత పని చేశారు. లాయరు సేవల్లో లోపం ఉందని క్లయింటు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదన్నది దాని సారాంశం. న్యాయవాద వృత్తి వ్యాపారం కాదు, దానికంటూ ప్రత్యేక స్వభావం ఉందని కోర్టు అంది. న్యాయమే. అయితే దాని రెండో అర్థం మీ కౌన్సిళ్ల దగ్గర వచ్చి ఆగుతుంది. ఆ తలుపు మూసుకున్నాక, చట్టం తెలియని లాయరు వల్ల నష్టపోయిన మనిషికి సివిల్ కోర్టు దావా కాక మిగిలింది 35వ సెక్షన్ కింద మీ క్రమశిక్షణ కమిటీయే. ఆ కమిటీ దుష్ప్రవర్తనను విచారిస్తుంది. పోలీసు కస్టడీ లెక్క తెలియకపోవడం దుష్ప్రవర్తన కాదు. అంటే అజ్ఞానం వల్ల జరిగే నష్టాన్ని ముందే ఆపడానికి ఉన్న ఒకే దారి చదువు చెప్పడం, ఆ దారి మీ చేతిలో ఉంది.

కృత్రిమ మేధ వచ్చాక ఈ పనికి తొందర ఇంకా పెరిగింది. న్యూయార్క్‌లో ఏవియాంకా విమానయాన సంస్థ మీద వేసిన దావాలో చాట్‌జీపీటీ కల్పించిన, ఎక్కడా లేని తీర్పులను ఉదహరించినందుకు 2023 జూన్‌లో ఫెడరల్ జడ్జి లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా వేశారు. అంత దూరం పోనక్కర్లేదు. 2024 డిసెంబరులో బెంగళూరు ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఒక ఉత్తర్వులోకే లేని తీర్పులు ఎక్కాయి, ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. జిల్లా న్యాయవ్యవస్థలో ఈ పరికరాలు ఎంతవరకు వాడొచ్చో చెబుతూ కేరళ హైకోర్టు 2025 జులైలో ఒక విధానం ప్రకటించింది. లాయర్ల వైపు నుంచి అలాంటి నియమం రాసుకోవడం మీకు ఒక రోజు పని. ఏ తీర్పునైనా పేపర్‌బుక్‌లో పెట్టే ముందు అసలు రిపోర్టులో తెరిచి చూశానని దాఖలు చేసేవాళ్లు రాసివ్వాలి, అంతే. తెరిచి చూడటానికి ఇప్పుడు ఖర్చు కూడా లేదు. రిపోర్టయిన సుప్రీంకోర్టు తీర్పులు 2023 జనవరి నుంచి ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి.

తెలుగు మాట వచ్చింది కాబట్టి ఒకటి. సాక్షి తెలుగులో చెబుతాడు, పోలీసు తెలుగులో రాస్తాడు, ప్లీడరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి వాదిస్తాడు. ఆ మార్పిడిలో ఎన్ని కేసులు కొట్టుకుపోతాయో అప్పీళ్లు చేసేవాళ్లకు తెలుసు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు రాసింది. తెలుగులో ప్లెయింటు, రిటన్ స్టేట్‌మెంటు, వాంగ్మూలం బిగువుగా రాయడం నేర్పే తరగతి మాత్రం లాసెట్ రాసి చేరే ఏ కాలేజీలోనూ పెద్దగా లేదు. అనుభవమున్న గుమాస్తాలకూ, కొందరు పాతకాలపు ప్లీడర్లకూ ఆ విద్య వచ్చు. వాళ్లున్నప్పుడే నేర్చుకోవాలి.

టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా బాగా సంపాదిస్తున్న రోజుల్లోనే, తన గ్రేడుతో పై కోర్టులో నిలబడే వీలు లేదని 1904లో ప్రాక్టీసు వదిలి ఇంగ్లండ్ వెళ్లి బారిస్టరై వచ్చారు. అది ఒక మనిషి పట్టుదల, సొంత డబ్బు. రెండు రాష్ట్రాల్లో రోల్స్‌లో ఉన్న అందరూ అలా ఉంటారని కౌన్సిళ్లు లెక్క వేసుకోవడం సరికాదు.

నిధులు లేవనే జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉంటుంది, అందులో నిజం ఉంది. 2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ఎన్‌రోల్‌మెంటుకు చట్టంలో ఉన్న 750 రూపాయలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి 125 రూపాయలకు మించి వసూలు చేయకూడదని చెప్పింది. అంతకుముందు కొన్ని రాష్ట్రాలు 20,000, 40,000 దాకా వసూలు చేశాయి. పేద పిల్లల మీద ఆ భారం తగ్గడం మంచిదే, కౌన్సిళ్ల ఆదాయం మాత్రం పడిపోయింది. అయితే అదే తీర్పు, ఎన్‌రోల్ అయ్యాక అడ్వకేట్లకు అందించే సేవలకు చట్ట ప్రకారం రుసుము తీసుకోవచ్చని కూడా అంది. మంచి పాఠం అందులోకి వచ్చే సేవే. ఏటా రెండు వందల రూపాయలు అడిగి నాలుగు పనికొచ్చే తరగతులు పెడితే కాదనే లాయరు ఉండడు. నల్సార్, దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు మన రాష్ట్రాల్లోనే ఉన్నాయి. జ్యుడీషియల్ అకాడమీలు జడ్జీల కోసం తయారు చేసుకున్న పాఠాల్లో రహస్యమైనవేమీ ఉండవు, హైకోర్టులను అడిగితే ఇవ్వకపోరు. 2022 నుంచి నల్సా పెట్టిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ కార్యాలయాల్లో జీతం మీద పూర్తికాలం క్రిమినల్ డిఫెన్స్ పనే చేస్తున్న లాయర్లు జిల్లాల్లో ఉన్నారు. 187, 479ల మీద రోజూ వాదించే వాళ్లకన్నా మంచి పంతుళ్లు దొరకరు.

మే నెలలో సివిల్ కోర్టులకు సెలవులు. బార్ అసోసియేషన్ హాళ్లు ఖాళీగా ఉంటాయి, సీనియర్లూ ఊళ్లోనే ఉంటారు. ప్రతి జిల్లా కేంద్రంలో వారం రోజులు, పూటకు ఒక విషయం: కస్టడీ పిటిషన్లు, 479 లెక్కలు, 63 సర్టిఫికెట్, తెలుగు డ్రాఫ్టింగ్. ప్రసంగాలు వద్దు, నిజమైన ఫైళ్లు పేర్లు తీసేసి పంచండి. చెప్పడానికి సిద్ధంగా ఉన్న సీనియర్ల పేర్లు మార్చిలోగా బార్ అసోసియేషన్ల నుంచి తెప్పించుకుని, వచ్చే కౌన్సిల్ సమావేశం అజెండాలో ఈ అంశం చేర్చండి.